బాగా చేస్తే ఏమొస్తాది మేడమ్?

పోయిన నెల ఒక సోమవారం చిత్తూరు కలెక్టరేట్‌లో అర్జీల కార్యక్రమం ముగిసేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మా శాఖ తరఫున నేను వెళ్ళాను. బయట చెట్టు కింద టీ తాగుతుంటే ఒక మండలం నుంచి వచ్చిన కుర్రాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్. 2019లో లక్షకు పైగా ఉద్యోగాలకు ఇరవై లక్షల మందికి పైగా దరఖాస్తు చేసిన ఆ పరీక్ష రాసి వచ్చినవాడు. బీటెక్ చదివాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, ఉన్నట్టుండి ఇలా అడిగాడు.

"మేడమ్, నేను రోజుకు పది దరఖాస్తులు చూసినా అదే జీతం, ముప్పై చూసినా అదే జీతం. మధ్యాహ్నానికే ఇంటికి పోయేవాళ్ళకూ అదే జీతం. బాగా చేస్తే ఏమొస్తాది?"

గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నాది ముప్పై మూడేళ్ళ సర్వీసు. జూనియర్ అసిస్టెంట్‌గా చేరి సూపరింటెండెంట్ దాకా వచ్చాను. అయినా ఆ పూట నా దగ్గర జవాబు లేదు. "మంచి ప్రశ్న అడిగినావు నాయనా, ఆలోచించి చెప్తా" అన్నాను. తిరుపతి బస్సెక్కి కూచున్నాక, పూతలపట్టు దాటి చంద్రగిరి వచ్చేదాకా అదే ఆలోచన. ఆ జవాబు కోసమే ఇది రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి. సర్కారు ఉద్యోగంలో డబ్బు పనిని చూసి రాదు, తేదీని చూసి వస్తుంది. ఏడాది తిరిగితే ఇంక్రిమెంటు. ప్రమోషన్ రాకుండా ఒకే పోస్టులో ఉండిపోతే ఆరేళ్ళకోసారి ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ కింద స్కేలు మారుతుంది. పేరులోనే ఉంది ఆటోమేటిక్ అని. ఈ భద్రతను చులకన చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు నచ్చదు. ఒకటో తేదీ జీతం అనే ధైర్యంతోనే మా ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలం డిగ్రీలు చదివాం. కానీ ఆ భద్రత మనిషిని సీటు దాకా తెస్తుంది, అంతే. సీటులో కూచున్నాక, నిన్నటికంటే ఈరోజు ఈ పని ఇంకాస్త బాగా చేయాలన్న పట్టుదల వేరేచోట నుంచి రావాలి.

అవార్డుల నుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆగస్టు 15కు, జనవరి 26కు పరేడ్ గ్రౌండ్‌లో ఇచ్చే ప్రశంసా పత్రం నాకూ ఒకటుంది. అది వచ్చిన ఏడాది నేను ఆపరేషన్ చేయించుకుని దాదాపు నాలుగు నెలలు సెలవులో ఉన్నాను. అప్పుడు నేను పనిచేసిన కార్యాలయంలో పేర్లు వంతుల వారీగా పంపేవాళ్ళు, ఆ ఏడాది వంతు నాది. నా సీటు పని, తన సీటు పని రెండూ మోసిన సహోద్యోగి మాత్రం ఆ ఉదయం జనంలో నిలబడి నాకు చప్పట్లు కొట్టాడు. పత్రం తీసుకుని దిగి వచ్చి "ఇది నీది" అని అతని చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. "ఉండనీ మేడమ్" అన్నాడు. అంతవరకు రాత్రి ఏడు దాకా కూచునే మనిషి, తర్వాత ఐదు కొట్టగానే బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు, ఆయనా ఎవరినీ ఏమీ అనలేదు. ఒక మంచి పనివాడు మా కళ్ళముందే చల్లబడిపోయాడు. ఆ పత్రాన్ని నేను ఇంతవరకు ఫ్రేము కట్టించలేదు.

ఈ విషయంలో నాకు తెలిసిన నిజమైన పాఠం మా నాయన దగ్గర ఉంది.

మా నాయన ఆర్టీసీ డ్రైవరు. మొదట శ్రీకాళహస్తి రూటు, తర్వాత చాలా ఏళ్ళు తిరుమల ఘాట్. ఎక్కేటప్పుడు 1974లో వచ్చిన రెండో ఘాట్, దిగేటప్పుడు 1944 నాటి పాత ఘాట్. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నానికి కూచోకముందే గోడ మీది చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీసేవాడు. ఆరోజు ఎన్ని కిలోమీటర్లు తిప్పాడు, ఎన్ని లీటర్ల డీజిల్ పట్టింది, ఆ రెండు అంకెలు రాసేవాడు. కింద భాగహారం. కొన్నిసార్లు ఆ భాగహారం నాతో చేయించేవాడు. దశాంశాలు నేను బడిలో కంటే ముందు ఆ డైరీలోనే నేర్చుకున్నాను.

దాన్ని కేఎంపీఎల్ అంటారు. లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క. డిపోలో డ్రైవర్ల వారీగా జాబితా నోటీసు బోర్డు మీద పెట్టేవాళ్ళు. బాగా తెచ్చినవాళ్ళకు ఎప్పుడో ఒకసారి చిన్న నగదు బహుమతి ఉండేది. నాయనకు అది రెండుసార్లు వచ్చింది. ఆ డబ్బుతో ఏం కొన్నామో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. కానీ 4.1 వచ్చిన రోజు మాత్రం మా అందరికీ గుర్తుంది. ఆ ఘాట్ మీద, ఆ పాత బండితో, అంతకుముందు ఎన్నో నెలలు 3.9 దగ్గరే ఆగిపోయాడు. పాయింట్ రెండు కోసం ఆయన ఎంత ఆలోచించాడో నేను చూశాను. మలుపు వచ్చాక బ్రేకు తొక్కడం కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. క్లచ్ మీద కాలు ఊరికే ఆనించి ఉంచకూడదు. ఆగినచోట ఇంజిన్ ఊరికే తిరగనివ్వకూడదు. దిగేటప్పుడు బండిని గేరులోనే ఉంచి ఇంజిన్‌తోనే పట్టుకోవాలి. తన తప్పు ఏదో తానే కనిపెట్టి, మరుసటి రోజు సరిచేసుకుని, సాయంత్రం అంకె చూసుకునేవాడు.

బస్సు ఆయనది కాదు. డీజిల్ ఆయనది కాదు. మిగిలిన లీటరులో చుక్క కూడా మా ఇంటికి రాలేదు. అయినా ఆ మనిషి పాయింట్ రెండు కోసం నెలల తరబడి ఎందుకు కష్టపడ్డాడు?

దీనికి పేరుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత బాపట్లలో తెలిసింది. అక్కడి మానవ వనరుల అభివృద్ధి సంస్థకు శిక్షణకు పంపితే, ఒక పూట క్లాసులో మాతో రింగులాట ఆడించారు. నేల మీద ఒక కర్ర నిలబెట్టి, చేతికి నాలుగు తాడు రింగులు ఇచ్చి, ఎంత దూరం నుంచి విసురుతారో మీ ఇష్టం అన్నారు. మాలో కొందరు కర్రకు అడుగు దూరంలో నిలబడి నాలుగూ వేసేశారు. కొందరు గోడ దగ్గరికి పోయి నవ్వుతూ విసిరారు, ఒక్కటీ పడలేదు. ముగ్గురు మాత్రం మధ్యలో ఒకచోట నిలబడి, ఒకటి తప్పితే అరడుగు ముందుకు, ఒకటి పడితే అరడుగు వెనక్కు జరుగుతూ ఆడారు. పడొచ్చు, పడకపోవచ్చు అన్నట్టుండే దూరం అది. ఆ ముగ్గురినీ చూపించి మాస్టారు డేవిడ్ మెక్లీలాండ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గురించి చెప్పారు. సాధించాలన్న తపన బలంగా ఉన్నవాళ్ళు మరీ సులువైనదాన్నీ ఎంచుకోరు, మరీ అసాధ్యమైనదాన్నీ ఎంచుకోరు. తమ ప్రయత్నం మీద ఫలితం ఆధారపడే పనిని ఎంచుకుంటారు, ఆ ఫలితం ఏమైందో వెంటనే తెలుసుకోవాలనుకుంటారు. నాకు ఆ క్లాసులో మా నాయన డైరీ కనబడింది.

ఆ మెక్లీలాండ్ మన తెలుగునేల మీదే పెద్ద ప్రయోగం చేశాడన్న సంగతి ఆరోజు విని ఆశ్చర్యపోయాను. 1960లలో కాకినాడ నుంచి చిన్న వ్యాపారులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, సాధించాలన్న తపనను పెద్దవాళ్ళకు నేర్పించవచ్చా అని చూశారు. నేర్పించవచ్చనే తేలింది. వెనక్కి వెళ్ళాక వాళ్ళు వ్యాపారంలో ముందుకంటే చురుగ్గా మారారు. కులం, పాత ఆచారాలు దానికి అడ్డు రాలేదని కూడా తేల్చారు. పుట్టుకతో రావాల్సిందేమీ కాదన్నమాట. ఈ ఒక్క మాట నాకు చాలా ధైర్యమిచ్చింది, ఎందుకంటే మన ఆఫీసుల్లో "వాడి నేచరే అంత" అని మనుషులను పక్కన పెట్టేయడం నేను చాలా చూశాను.

కాకపోతే కాకినాడ వ్యాపారికీ మాకూ ఒక పెద్ద తేడా ఉంది. సాయంత్రం గల్లాపెట్టె తెరిస్తే ఆయనకు తన పని కనిపిస్తుంది. మా దగ్గర ఒక తపాలు వస్తే ఇన్‌వర్డులో ఒకరు నంబరు వేస్తారు, సీటులో ఒకరు నోటు పెడతారు, సూపరింటెండెంట్ సంతకం, ఆపైన ఇంకో సంతకం, ఆపైన ఇంకోటి. చివరికి అది ఎవరికి అందిందో, వాళ్ళ బతుకులో ఏం మారిందో నోటు రాసిన మనిషికి తెలియదు. మంచి జరిగితే ఎవరి వల్ల జరిగిందో తెలియదు. తప్పు జరిగితే మాత్రం మెమో పేరు పెట్టి వస్తుంది. పదేళ్ళు ఇలా గడిచాక ఎవరైనా తప్పు రాకుండా చూసుకుంటారే గానీ, మంచి చేయాలని ఎందుకు చూస్తారు?

నేను ఆ గుంటలోంచి బయటపడింది ఒక ఫ్యామిలీ పింఛను ఫైలు వల్ల.

1998. నేను పింఛన్ల సీటుకు కొత్త. సర్వీసులో ఉండగానే చనిపోయిన ఒక వాచ్‌మన్ భార్య బంగారుపాళ్యం దగ్గర పల్లె నుంచి బస్సులో వచ్చేది. అప్పటికి పదకొండుసార్లు వచ్చిందట. ఉద్యోగ వివరాలన్నీ ఎక్కించే సర్వీస్ రిజిస్టరులో తొమ్మిదేళ్ళకు సర్వీసు వెరిఫికేషన్, అంటే పనిచేసినట్టు ధ్రువీకరణ లేదు, రెండు ఇంక్రిమెంట్లు ఎక్కించలేదు, ఆమె పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. ప్రతిపాదన పోవడం, అభ్యంతరాలతో తిరిగి రావడం, మళ్ళీ పోవడం. ఆమె ఆరోజు ఏమీ అడగలేదు. నా బల్ల ముందు నిలబడి, "నువ్వు కొత్తగా వచ్చినావా అమ్మా?" అంది. ఆ మాటలో ఎంత అలసట ఉందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

రికార్డు రూములో కూచుని పాత పే బిల్లులు, జీతం అందినట్టు సంతకాలు పెట్టే అక్విటెన్స్ రిజిస్టర్లు నెల నెలా తిప్పాను. దుమ్ముకు దగ్గు పట్టుకుంది. పంతొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిదేళ్ళూ దొరికాయి. ఫైలు ఈసారి తిరిగి రాలేదు. ఆర్డరు వచ్చిన రోజు ఆమెకు నేనే చదివి వినిపించాను. తర్వాతి వారం ఒక చేతిసంచిలో సీతాఫలాలు తెచ్చి, తీసుకోనని ఎంత చెప్పినా వినకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అటెండరు, మేము అందరం పంచుకుని తిన్నాం.

ఆ రాత్రే ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను. నాయన డైరీ లాగే. ప్రతి కేసుకూ ఒక గీత: ఏ రోజు చేతికొచ్చింది, ఏ రోజు పంపాను, ఏ అభ్యంతరంతో తిరిగొచ్చింది. ఎవరూ అడగలేదు, ఎవరికీ చూపించలేదు. మొదటి ఏడాది పద్నాలుగు పంపితే తొమ్మిది తిరిగొచ్చాయి. చూసుకుని సిగ్గుపడ్డాను. అభ్యంతరాలను పక్కపక్కన రాసుకుంటే అవే నాలుగు మాటలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని తెలిసింది. రిటైరయ్యేవాళ్ళ రిజిస్టర్లను రెండేళ్ళ ముందే తీసి ఆ నాలుగూ చూసుకోవడం మొదలుపెట్టాను. రెండో ఏడాది ఐదు. మూడో ఏడాది రెండు. నాలుగో ఏడాది ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆ సున్నా గురించి ఒక్క నాయనకే చెప్పాను. సంతోషపడతాడనుకున్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్ని పంపితే?"

పదహారు అన్నాను. అప్పుడు నవ్వాడు. "సరే అయితే. తక్కువ పంపి సున్నా తెచ్చుకుంటే అది లెక్క కాదు పాపా. కాళాస్తి రూటులో నాకూ తెలుసు, చేయెత్తినోళ్ళను వదిలేసి ఆపకుండా పోతే కేఎంపీఎల్ బాగా వస్తాది. అట్లా వచ్చే పాయింటు నాకొద్దనుకున్నా."

ఈ మాట విలువ నాకు చాలా తర్వాత తెలిసింది. 2011 నవంబరులో మీసేవ మొట్టమొదట మా చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. పది సేవలతో మొదలుపెట్టారు. ప్రతి సేవకూ ఇన్ని రోజులని గడువు. అర్జీదారుకు రసీదు. ఏ దరఖాస్తు ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఉందో తెర మీద కనిపించడం నాకు పండగలా అనిపించింది. మొదటిసారి మా పని మాకు కనబడింది. మంచి పోటీ కూడా వచ్చింది. మా పెండింగ్ ఇంత, మీది ఎంత అని ఫోన్లలో ఒకరినొకరు అడిగేవాళ్ళం.

తర్వాత వేరే చోట, నేను కొంతకాలం పనిచేసిన ఒక కార్యాలయంలో, గడువు దాటిన దరఖాస్తుల సంఖ్య ఒక్కటే సమీక్షల్లో అడగడం మొదలైంది. గడువు రేపు అనగా ఈరోజు సాయంత్రం, చిన్న లోపం చూపించి తిరస్కరించడం అలవాటైంది. తెర మీద పెండింగ్ సున్నా. బయట అదే ముసలాయన మళ్ళీ రుసుము కట్టి మళ్ళీ దరఖాస్తు పెట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ పని చేసినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఏ అంకె అడిగితే ఆ అంకె తెచ్చి ఇచ్చారు. కానీ చేయెత్తి నిలబడిన మనిషి ఆ లెక్కలో ఎక్కడా లేడు. నేను అక్కడ గట్టిగా మాట్లాడాల్సింది. రెండు మీటింగుల్లో మెల్లగా చెప్పి ఊరుకున్నాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ప్రజాసేవలోకి వచ్చేవాళ్ళను కదిలించేది ఒక రకం వేరే కోరిక అని 1990లో జేమ్స్ పెర్రీ, లోయిస్ వైజ్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. నలుగురికి మేలు జరగాలన్న తపన, ఎదుటివాళ్ళ కష్టం చూసి కలిగే జాలి, ఇవి కూడా మనిషిని పనికి పురిగొల్పుతాయన్నది వాళ్ళ మాట. నా అనుభవంలో అది నూటికి నూరుపాళ్ళు నిజం, కాకపోతే ఒక షరతు ఉంది. ఆ ఎదుటి మనిషి కనబడాలి. కిటికీ అవతల అరచేయంత సందులోంచి కనిపించే చెయ్యి సరిపోదు. నా సెక్షన్‌లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టాను. పింఛను ఆర్డరు వస్తే, మొదట నోటు పెట్టిన జూనియర్ అసిస్టెంటే రిటైరైన మనిషికి ఫోన్ చేసి చెప్పాలి. నేను చేయను, ఆఫీసరూ చేయరు. మొదట్లో వాళ్ళు మొహమాటపడ్డారు. అవతలి గొంతు ఒకసారి విన్నాక, వాళ్ళే రిజిస్టర్లు ముందుగా తీసి చూస్తున్నారు. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

ఇంత ఆలోచించుకుని ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక నోటుబుక్కు కొనుక్కోమన్నాను. "నీ దగ్గర నుంచి పోయినవాటిలో ఎన్ని తిరిగొస్తున్నాయి, ఎందుకు తిరిగొస్తున్నాయి, అది రాసుకో. ఎవరికీ చూపించొద్దు" అన్నాను. సచివాలయ ఉద్యోగులకు ముందు ప్రమోషన్ దారి స్పష్టంగా ఉండాలి, చేసిన పనికి తగిన గుర్తింపు రావాలి. అవి అడగడం వాళ్ళ హక్కు, అడగాల్సిందే. అవి వచ్చేదాకా ఆ కుర్రాడు కూడా నా సహోద్యోగిలా చల్లబడిపోకూడదని నా ఆరాటం.

మొన్న సోమవారం మళ్ళీ కలెక్టరేట్‌లో కనిపించాడు. దూరం నుంచే చెయ్యి ఊపాడు. "మేడమ్, పది రోజుల్లో ఏడు తిరిగొచ్చినాయి. ఏడిట్లో ఐదు ఆధార్‌లో పేరు తేడానే. ముందే చూసుకోవచ్చు గదా అనిపించింది" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే లోపలి నుంచి పిలుపొచ్చి పరిగెత్తాడు.

నాయనకు ఇప్పుడు 84 ఏళ్ళు. ఆదివారం దర్శనానికి తీసుకెళ్ళాను. ఘాట్ మీద తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సు ఎక్కడం ఆయనకు అదే మొదటిసారి. డ్రైవరు వెనక సీటే కావాలన్నాడు. దారంతా శబ్దం లేని ఇంజిన్ కోసం చెవి ఒగ్గి విన్నాడు, మలుపు మలుపుకూ డ్రైవరు కాళ్ళ వైపే చూశాడు. తిరుమలలో బస్సు ఆగి జనం దిగుతుంటే, నా చెయ్యి పట్టుకుని ముందుకు వంగి అడిగాడు.

"నాయనా, దీనికి డీజిల్ లేదు గదా. యూనిట్‌కు ఎంత ఇస్తాంది?"

ఆ అబ్బాయి వెనక్కి తిరిగి అంకె చెప్పాడు, దశాంశంతో సహా. "దిగేటప్పుడు బ్రేకుతోనే కొంత కరెంటు మళ్ళీ బ్యాటరీకి పోతాది తాతా, అందుకే కిందికి జాగ్రత్తగా తెస్తే ఇంకా బాగా వస్తాది. పోయిన నెల కంటే నాది పెరిగింది" అన్నాడు.

నాయన బస్సు దిగలేదు. వెనక జనం ఆగారు. చొక్కా జేబులో పెన్ను కోసం వెతుక్కుంటున్నాడు.